మూడు చుక్కల సుత్తి

జనవరి 6

అక్కా,

ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నువ్వింకేమీ అనవు. నలభై ఏళ్ళ రేకు మోత నీ చెవుల్ని తినేసింది. అందుకని ఇలా కాగితం మీద అరుస్తున్నాను. వినపడుతోందా?

డిసెంబరు ఆఖరికి నా ఉద్యోగం అయిపోయింది. ముప్పై ఏడేళ్ళు లిఫ్టులు తనిఖీ చేసినవాణ్ణి, ఇప్పుడు ఇల్లు తనిఖీ చేస్తున్నాను. నిన్న ఫ్రిజ్ తలుపు రబ్బరు సడలిందని చెప్పాను. నీ మరదలు గరిటె కింద పెట్టి, "ఇంకా ఏమేం లోపాలున్నాయో కాగితం మీద రాయండి. రాసి, ఆ కాగితం పట్టుకుని కాసేపు బయటికి వెళ్ళండి" అంది.

అసలు సంగతికి వస్తాను. నాన్న సుత్తి నాకు పంపిస్తావా? నాన్న రేకు డబ్బాల కొట్టంతా నీకే ఉంది, నేనెప్పుడూ ఏదీ అడగలేదు. ఆ సుత్తి ఒక్కటి ఇస్తే దాని తుప్పు వదిలించి, కొత్త పిడి వేసి, కొన్నప్పుడు ఎలా ఉండేదో అలా చేసి హాల్లో పెట్టుకుంటాను.

ఎందుకో నీకు తెలుసు. ఆ నీళ్ళ డబ్బా గొడవకి నేను ఊరు వదిలి వచ్చేశాక నాన్న నన్ను పనిముట్లు ముట్టుకోనివ్వలేదు. ఇంటికి వచ్చినప్పుడల్లా కుర్చీ చూపించేవాడు. చుట్టానికి చూపించినట్టు. చుక్క కారకుండా నాన్న తయారుచేసిన ఆ డబ్బా మూతి అచ్చుని ఎదురు కొట్టు డబ్బా బాబాయికి నేనే చూపించానని నమ్మాడు, నమ్ముతూనే పోయాడు. నేను చూపించలేదక్కా. ఇరవై ఏళ్ళప్పుడు చెప్పాను, యాభై ఎనిమిదేళ్ళకీ అదే చెబుతున్నాను. సరేలే, పాత సంగతి. సుత్తి పంపు.

నీ తమ్ముడు

---

జనవరి 15

ఒరేయ్ తమ్ముడూ,

ఇంకా బతికే ఉన్నాను, చెవులే ముందు వెళ్ళిపోయాయి. ఈ వారం ధాన్యం డబ్బాలు పదకొండు, గరాటాలు ముప్పై చేశాను. మోకాళ్ళు కూడా రేకుల్లాగే మోగుతున్నాయి.

సుత్తి అడిగావు. పంపిస్తున్నాను. ఇది చాలాకాలంగా మూలన పడుంది, ఎవరూ పట్టించుకోలేదు, కాబట్టి తుప్పు చూసి హడలిపోకు. మరీ ఎక్కువ ఊహించుకోకు కూడా. సుత్తంటే సుత్తే, ఇనప ముక్కకి కర్ర. శుభ్రం చేసుకుంటే చేసుకో, లేకపోతే నా మరదలు కొబ్బరికాయలు కొట్టుకుంటుంది.

ఆ అచ్చు గురించి మళ్ళీ ఎందుకు తవ్వుతావు? ముప్పై ఎనిమిదేళ్ళయింది. చూపిస్తే చూపించావు, కుర్రతనం. ఎవరి ప్రాణమూ పోలేదు.

డబ్బా బాబాయి ఇంకా గట్టిగానే ఉన్నాడు. ఎనభై దాటాయి. కొట్టు మూసి రెండేళ్ళయినా పొద్దున్నే ఆ మూసిన తలుపు ముందు కుర్చీ వేసుకుని నా పని చూస్తూ పెదవి విరుస్తుంటాడు. డబ్బాలు చేయడం మానేశాడు గానీ డబ్బా కొట్టుకోవడం మానలేదు. నాతో మాట్లాడడు, నాకు వినపడేలా మంగలితో మాట్లాడతాడు. నాకు వినపడదని పాపం ఆయనకి తెలీదు.

అక్క

---

ఫిబ్రవరి 2

అక్కా,

సుత్తి అందింది. పోస్టుమాన్ మూడంతస్తులు ఎక్కి వచ్చి, "దీంట్లో ఏముందండీ, మీ లిఫ్టా?" అన్నాడు. మా లిఫ్టు పనిచేయడం లేదని గుచ్చడం అది. నా మనసుకి గట్టిగానే తగిలింది.

విప్పి చూశాను. ఎలా అయిపోయిందక్కా నాన్న సుత్తి! ఒళ్ళంతా తుప్పు పొరలు. కొట్టే మొహం చుట్టూ ఇనుము పుట్టగొడుగులా బయటికి విచ్చుకుపోయింది. పిడి నిలువునా చీలి ఉంది, ఊడిపోకుండా ఎవరో పైనుంచి రెండు మేకులు దిగ్గొట్టారు. నాన్న అలాంటి పని చేయడే! వయసు మీద పడ్డాక ఓపిక తగ్గి ఉంటుంది.

ఇంకో విచిత్రం. నాన్న సుత్తి చిన్నదని నాకు గుర్తు. ఇది పెద్దగా ఉంది. చిన్నప్పుడు చూసినవి పెద్దయ్యాక చిన్నగా కనిపిస్తాయంటారు గదా, నా విషయంలో అది కూడా తలకిందులే.

కానీ ఒకటి చెప్పాలి. పిడికి ఒక పక్క చిన్న గుంట ఉంది. నా బొటనవేలు పెట్టి చూశాను. అచ్చంగా సరిపోయింది! నాన్న వేలు అన్నేళ్ళు అక్కడే ఆనింది కదా. అది తట్టగానే ఏడుపు ఆగలేదు. నీ మరదలు ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి నా పరువు దక్కింది.

ఇప్పుడు సుత్తి తల వెనిగర్లో నానుతోంది. నీ మరదలి పెద్ద గిన్నెలో. ఆవిడకింకా తెలీదు.

నీ తమ్ముడు

---

ఫిబ్రవరి 11

తమ్ముడూ,

గిన్నె సంగతి నా మరదలికి తెలిసిపోయిందట. నాకు వేరే ఉత్తరం రాసింది. "వదినా, ఈయన్ని కూడా పార్సెల్లో పెట్టి పంపించమంటారా?" అని అడిగింది. ఖాళీ లేదని రాశాను.

నేను చెప్పేది కాస్త విను. వెనిగర్లో ఒక రోజుకి మించి ఉంచకు, ఇనుము గుల్లబారుతుంది. బయటికి తీశాక సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయి. విచ్చుకున్న అంచులు ఆకురాయితో రాయి, పొయ్యి మీద మాత్రం కాల్చకు. కాలిస్తే ఇనుము మెత్తబడుతుంది, ఆ తర్వాత దాంతో అట్ట కూడా వంగదు. కొత్త పిడి దిగ్గొట్టాక పైన చీలికలో చెక్క మేకు వేయి. ఇనప మేకు వేశావంటే నా తమ్ముడివే కావు.

ఆ బొటనవేలి గుంట గురించి మరీ అంత బాధపడకురా. ఎలుక కొరికి ఉండొచ్చు. ఎలుకలు చాలా ఉన్నాయి ఇక్కడ.

అక్క

---

మార్చి 3

అక్కా,

సుత్తి పూర్తయింది. కానీ దాంతోపాటు ఇంకో సంగతి బయటపడింది. అది చివర చెబుతాను.

మొదట పని సంగతి. తీగ బ్రష్‌తో రెండు రోజులు తోమాను. అంచులు ఆకురాయితో రాసి రాసి గుండ్రం చేశాను. తర్వాత ఉప్పుకాగితం, గరుకుది మొదలుపెట్టి నున్నటి దాకా ఐదు రకాలు. సుత్తి మొహంలో ఇప్పుడు నా మొహం కనిపిస్తోంది, ముక్కు కొంచెం పెద్దగా. బాగా ఆరిన గట్టి కర్రతో పిడి చెక్కి, గాజుపెంకుతో గీకి, కన్నంలోకి దించి, నువ్వు చెప్పినట్టే చెక్క మేకు వేశాను. అవిసె నూనె మూడు పూతలు. పక్కింటి వాళ్ళు చూసి "ఎక్కడ కొన్నారు?" అని అడిగారు. అంతకంటే మెప్పు ఏం కావాలి!

ఇప్పుడు అసలు సంగతి. తుప్పు పోయాక పక్కన మూడు చుక్కలు బయటపడ్డాయి. వరసగా, ఉలితో పొడిచినవి. మన పనిముట్లన్నిటి మీదా నాన్న నెలవంక గుర్తు పొడిచేవాడు. మూడు చుక్కలు ఎవరివో మనిద్దరికీ తెలుసు.

అక్కా, నాన్న డబ్బా బాబాయి సుత్తి దొంగిలించాడు!

నాలుగు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. చేయని తప్పుకి నన్ను అన్నేళ్ళు దూరం పెట్టిన మనిషి, ఇంకొకరి సుత్తి తన కొట్లో దాచుకున్నాడా? ముందు కోపం వచ్చింది. తర్వాత జాలేసింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. ఒక్కడైనా ఈ కుటుంబంలో నిజాయితీగా ఉండాలి.

డబ్బా బాబాయికి ఉత్తరం రాశాను. "మా నాన్నగారు చేసిన పనికి ఆయన తరఫున చేతులు జోడించి క్షమాపణ అడుగుతున్నాను. మీ సుత్తిని కొత్తదానిలా చేసి మీకే పంపుతున్నాను" అని. ఉత్తరం, సుత్తి కలిపి ఈ పొద్దున్నే పోస్టు చేశాను. మనసు దూదిపింజలా ఉంది.

నీ తమ్ముడు

---

మార్చి 8

ఓరి నా తమ్ముడూ,

ఎంత పని చేశావురా!

నువ్వు రాసింది చదువుతూ ఉండగానే కొట్టు గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే డబ్బా బాబాయి. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి ఈ వీధి దాటి ఇవతలికి రావడం అదే మొదలు. ఒక చేతిలో నీ ఉత్తరం, ఇంకో చేతిలో ఆ సుత్తి. తళతళలాడిపోతోంది. నా పాడు కళ్ళు ముందు ఆ పనితనమే చూశాయి. బాగా చేశావురా, అది వేరే సంగతి.

"చూశావా?" అన్నాడు. అంతే. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్ళి ఊరుకున్నాడా? మంగలి దగ్గర చదివించాడు. దర్జీ దగ్గర చదివించాడు. సైకిళ్ళు బాగుచేసే అతనికి చదవడం రాదని తనే చదివి వినిపించాడు, ఆ "చేతులు జోడించి" అనే చోట రెండుసార్లు. "నేను అప్పుడే అన్నాను" అంటాడు ప్రతివాడితోనూ. ఎప్పుడూ ఏమీ అనలేదు! సాయంత్రానికి మన నాన్న ఈ వీధిలో దొంగ అయిపోయాడు. నిన్న గరాటా కోసం వచ్చినావిడ వెళ్ళేటప్పుడు తన సంచీ తడిమి చూసుకుంది.

నేనెందుకు నోరు మెదపలేదంటావా? కూర్చుని చదువు.

అది నాన్న సుత్తి కాదు.

రెండేళ్ళ క్రితం డబ్బా బాబాయి కొట్టు మూసినప్పుడు పనికిరానివన్నీ పాత ఇనుము కొట్టుకి తూకానికి వేశాడు. నేను రేకు ఆనించి కొట్టుకునే దాగలి కోసం అక్కడికి వెళ్ళి, ఆ కుప్పలోంచి ఒక సుత్తి కూడా తెచ్చుకున్నాను. అప్పుడు దాని మీద తుప్పు తప్ప చుక్కలేమీ కనపడలేదు. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. నీకు పంపింది అదే.

నాన్న సుత్తి నా చేతిలోనే ఉంది. రోజూ దాంతోనే పని. నువ్వడిగినప్పుడు ఇవ్వనని రాయడానికి మొహం చెల్లలేదు, ఇవ్వడానికి చెయ్యి రాలేదు. వేరే సుత్తితో కొడితే నా రేకు మడత తిన్నగా పడదురా. నువ్వు హాల్లో పెట్టుకునే దానికి ఏదైతేనేం అనుకున్నాను. నువ్వు దానిమీద పడి ఏడుస్తావని నాకేం తెలుసు?

తిట్టు. కానీ ముందు ఏం చేయాలో చెప్పు.

అక్క

---

మార్చి 14

మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

తమరి ఉత్తరం అందినది. తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరు పంపిన తలుపు అడ్డాన్ని నేను గుండెకి హత్తుకున్నాను. దాని పిడి మీద ఎలుక కొరికిన చోట బొటనవేలు పెట్టి కన్నీళ్ళు కార్చాను. దాని కోసం ఐదు రకాల ఉప్పుకాగితం అరగదీశాను. ఈ సంగతి విన్న తమరి మరదలు రెండు రోజులుగా నవ్వుతూనే ఉంది. కూరలో ఉప్పు వేస్తూ ఆగి నవ్వుతోంది. ఫోన్లో వాళ్ళ చెల్లెలికి చెప్పి ఇద్దరూ కలిసి నవ్వారు.

కుదరదు, ఇవ్వను అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నేనేమీ అనేవాణ్ణి కాదు. నాన్నలాగే తమరు కూడా నాకు కుర్చీయే చూపించారు.

ఏం చేయాలని అడిగారు. వీధి దాటండి. ఎదురుగా ఉన్న ఆ పెద్దమనిషికి జరిగింది జరిగినట్టు చెప్పండి. నేను ఇక ఎవరికీ ఏమీ రాయను. తమరికి కూడా.

ఇట్లు,
తమరి విధేయుడు

---

మార్చి 25

తమ్ముడూ,

నన్ను "తమరు" అనకురా. తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ "తమరు" చదివి కొట్టుకి సగం పూట తాళం వేశాను.

వీధి దాటాను. డబ్బా బాబాయి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సుత్తి ఒళ్ళో ఉంది, తువ్వాలు పరిచి దానిమీద పెట్టుకున్నాడు, పసిపిల్లని పెట్టుకున్నట్టు. నేను నిలబడే మొదలుపెట్టాను.

"బాబాయ్, అది మా నాన్న దొంగిలించింది కాదు. నువ్వే పాత ఇనుముకి వేశావు."

"తెలుసు" అన్నాడు.

నాకు సరిగ్గా వినపడలేదనుకుని "ఆఁ?" అన్నాను.

"తెలుసే!" అని అరిచాడు. మంగలి కత్తి పట్టుకుని బయటికి వచ్చాడు. "నా చేత్తో నేను వేసిన సుత్తి నాకు గుర్తుండదా? ఆ రెండు మేకులు కొట్టింది కూడా నేనే."

"మరి ఊరంతా చదివించావేం?"

చాలాసేపు సుత్తి మొహం తువ్వాలుతో తుడిచాడు. తుడవడానికి అక్కడేమీ లేదు.

"మీ ఇంటి నుంచి నాకు మర్యాదగా ఒక్క మాట వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయింది. వచ్చిన మాట అబద్ధమైనా కాదనడానికి నోరు రాలేదు. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు నుంచి ముద్ద దిగడం లేదు. ఆ కుర్రాడు చేతులు జోడించాడు. వాడు, నాకు!"

లేచి లోపలికి వెళ్ళి ఒక పాత వార్తాపత్రిక కాగితం తెచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. దానిమీద పెన్సిల్‌తో గీసిన గీత. చూడగానే గుర్తుపట్టాను. చుక్క కారని మూతి అచ్చురా! నాన్నదే, ఆ మెడ దగ్గర వంపుతో సహా.

నాన్న దానికి రంగు వేసి కిటికీలో ఆరబెట్టాడట. మనమంతా భోజనాలకి వెళ్ళినప్పుడు ఈయన బయటి నుంచి కాగితం ఆనించి గీసుకున్నాడట. "మీవాడు చూపించడమేమిటే? వాడు నన్ను చూస్తేనే సందు మార్చుకుని పోయేవాడు. మీ నాన్న వాణ్ణి తిడుతుంటే ఇక్కడికి వినపడింది. వెళ్ళి చెప్పాలనే అనుకున్నాను. ఒక రోజు ఆగాను. ఆ తర్వాత ఇంకా కష్టమైపోయింది" అన్నాడు.

ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపాను. మంగలి దగ్గరికి, దర్జీ దగ్గరికి, సైకిళ్ళ అతని దగ్గరికి, ఎక్కడెక్కడ నీ ఉత్తరం చదివాడో అక్కడికల్లా నడిపించి, రెండు సంగతులూ ఆయన నోటితోనే చెప్పించాను. దర్జీ దగ్గర ఆయాసం వస్తే మంచినీళ్ళిచ్చి మళ్ళీ చెప్పించాను.

ఇక నా సంగతి. నేనూ నమ్మానురా. "చూపిస్తే చూపించావు, కుర్రతనం" అని మొన్న జనవరిలో కూడా రాశాను, పెద్ద మనసున్నదానిలా. నువ్వు ఆనాడు సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి ఒక్కసారి అడగలేదు, నిజం చెప్పరా అని. నాన్న తప్పు చేశాడు. ఆయన లేడు. నేనున్నాను. అందుకని నాన్నది, నాది కలిపి నేనే అడుగుతున్నాను. క్షమించు.

నాన్న సుత్తి నీదే. పంపమంటే పంపుతాను.

అక్క

---

ఏప్రిల్ 4

అక్కా,

నీ ఉత్తరం కవరు మెట్ల మీదే చించి, రెండో అంతస్తులో కూర్చుని చదివాను. పైనుంచి దిగే వాళ్ళు నన్ను దాటుకుంటూ పోయారు. నీ మరదలు వెతుక్కుంటూ వచ్చి, నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివి, పక్కనే కూర్చుంది. ఈసారి నవ్వలేదు.

నీమీద కోపం లేదు. ఉండాలని మూడు రోజులు ప్రయత్నించాను.

అందరూ నిజాలు చెబుతున్నారు కాబట్టి నేనూ చెబుతాను. నాకు రేకు పని ఎప్పుడూ రాలేదక్కా. వేళ్ళు తెగేవి, మడత వంకరపోయేది. అచ్చు నేనే చూపించానని నాన్న అన్న రోజు గుండె పగిలిన మాట నిజమే. కానీ బస్సెక్కాక ఇక రేపటి నుంచి కత్తెర పట్టుకోనక్కర్లేదని లోపలెక్కడో ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆ రెండోది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తప్పంతా నాన్న మీద ఉంటేనే నాకు వీలుగా ఉండేది.

ఇంకోటి. సుత్తి పిడి నేను చెక్కలేదు. కింద ఇంట్లో కుర్చీలు బాగుచేసే ఆయన చెక్కాడు. నేను పక్కన నిలబడి సలహాలిచ్చాను. ఆఖరికి ఆయన ఉప్పుకాగితం నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా రుద్దమన్నాడు. అదొక్కటే నేను చేసింది. చెప్పకూడదు గానీ, చాలా బాగుందక్కా ఆ రుద్దడం.

సుత్తి పంపకు. నీ మడత పాడైతే నాకేం వస్తుంది? నేనే వస్తాను. శనివారం బస్సుకి. వారం ఉంటాను. ఒక్క షరతు. కుర్చీ వేయకు.

నీ తమ్ముడు

---

ఏప్రిల్ 28

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమంగా చేరావని నా మరదలు రాసింది. వేలికి కట్టు మారుస్తున్నావా? తడి తగలనివ్వకు. లోతుగానే తెగింది.

నువ్వు వెళ్ళాక కొట్టు బోసిగా ఉంది. డబ్బా బాబాయి ఇప్పుడు తన కుర్చీ ఇటువైపే తెచ్చుకుని వేసుకున్నాడు. పెదవి విరవడం అదే, కాకపోతే దగ్గర్నుంచి. నీ ఊసు వస్తే మాత్రం "కుర్రాడికి చెయ్యి లేదు గానీ పట్టుదల ఉంది" అంటాడు. యాభై ఎనిమిదేళ్ళ కుర్రాడివి.

నువ్వు చేసిన నీళ్ళ డబ్బా గురించి చెప్పాలి. వారమంతా నాన్న సుత్తితో కొట్టి కొట్టి చేశావు, చివరికి అడుగు అతుకు దగ్గర కారింది. నువ్వు మొహం మాడ్చుకుని బస్సెక్కావు. దాన్ని విప్పి మళ్ళీ చేద్దామని బయట పెట్టాను. ఎదర సందులో పూలమొక్కలు అమ్మే ఆవిడ చూసింది. నీళ్ళు పోసి మొక్కల మధ్య పెట్టుకుంది. చుక్క చుక్కగా పొద్దంతా కారుతుందట, ఆవిడ ఊరెళ్ళినా మొక్కలు వాడిపోవడం లేదట. ఇలాంటి డబ్బా కోసం ఎన్నాళ్ళ నుంచో వెతుకుతోందట.

ఇంకో ఆరు కావాలంది. అచ్చం అలాగే కారాలట.

నేను మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. డబ్బా బాబాయి కూడా కూర్చున్నాడు. నేను చేస్తే అసలు కారదు, ఆయన చేస్తే ధారగా పోతుంది. మా ఇద్దరి వల్లా కాలేదు.

నువ్వే రావాలి.

అక్క